ఈకా? ఊటా?

సందేహం: “భూమి లోపలి వేడి ఈకల వల్ల దక్కన్ పీఠభూమి ఏర్పడింది” అని ఒక వ్యాసంలో చదివాను. ఈకలేమిటండీ? ‘మాంటిల్ ప్లూమ్’కు సరైన తెలుగు మాట ఏది?

సమాధానం: మాంటిల్ అంటే భూమి పైపెంకుకీ నడిమి కేంద్రకానికీ మధ్య ఉన్న మందపాటి రాతి పొర. అందులోంచి పైకి లేచే వేడి రాతిని ‘ప్లూమ్’ అంటారు. అనువదించినవారు నిఘంటువులో మొదటి అర్థం దగ్గరే ఆగిపోయారు. లాటిన్ ‘ప్లూమా’ అంటే ఈకే. ఇంగ్లీషువాళ్లు దాన్ని టోపీ మీది తురాయికీ, ఆ తర్వాత గొట్టంలోంచి లేచే పొగకీ సాగదీశారు. 1971లో భూభౌతిక శాస్త్రవేత్త జాసన్ మోర్గన్ భూగర్భానికి తెచ్చుకున్నది ఈ చివరి అర్థాన్నే. మన ఈక ఏనాడూ పొగ దాకా వెళ్లలేదు.

నా ఓటు ‘ఊట’కు. గ్రామమనే ‘ఊరు’లో ఉన్నది మామూలు ర. నీరు ఊరడంలో ఉన్నది బండి ఱ: ఊఱు. ఈ ఱ అవసరమైనచోట ట అవుతుంది: ఏఱు–ఏటి, నూఱు–నూట, ఊఱు–ఊట. అందుకే ‘ఏటి ఒడ్డు’ అంటాం కానీ ‘ఊటి పెద్ద’ అనం, ‘ఊరి పెద్ద’ అంటాం. బండి ఱని బడిలోంచి గెంటేసి, పిల్లలు ఊరికీ ఊటకీ చుట్టరికం కలిపితే నవ్వుతాం! ఇసుకలో చెలమ తీస్తే అంచుల్లోంచి నీరు ఊరుతుంది. జాడీలో ఆవకాయా ఊరుతుంది. రెండింటికీ తొందర ఉండదు.

ప్లూమ్‌కీ ఉండదు. సుమారు 2,900 కిలోమీటర్ల లోతున, కేంద్రకం అంచున వేడెక్కిన రాయి చుట్టూ ఉన్న రాతికన్నా తేలికై, గట్టిగా ఉంటూనే, ఏడాదికి సెంటీమీటర్ల లెక్కన పైకి పాకుతుంది. పైకొచ్చి ఒత్తిడి తగ్గాకే కొంత కరుగుతుంది. కాబట్టి ‘లావా ఊట’ అని మాత్రం రాయకండి. మామూలుగా చెప్పే రూపం పుట్టగొడుగుది: ఉబ్బిన తల, వెనక సన్నని కాడ. తల వచ్చి తగిలినప్పుడే, 6.6 కోట్ల ఏళ్ల కిందట, దక్కన్ లావా పొంగిందని ఎక్కువమంది అంటారు. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి నల్లరాళ్లు ఆ లావావే. మన నేల ఉత్తరానికి జరిగిపోయింది. కాడ ఇప్పుడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి కింద ఉంది.

‘స్తంభం’ అనేవారున్నారు. భూకంప తరంగాలతో తీసిన చిత్రాల్లో కొన్ని ప్లూమ్‌లు వెయ్యి కిలోమీటర్ల లోతున పక్కకు వంగి కనిపిస్తాయి. వంగే స్తంభమేమిటి? ‘పింఛం’ నెమలికి ఉండనివ్వండి.

ఊట అనగానే నీళ్లే గుర్తొస్తాయన్నది న్యాయమైన అభ్యంతరమే. అలాగైతే ‘రాతి ఊట’ అనండి. అదీ చెవికి కొత్తగా ఉంటే, ‘ప్లూమ్’ అనే ఉంచినా నాకు పేచీ లేదు.