‘థ్రిల్లర్’లో టోటో వాళ్లు ఎక్కడ వాయించారు?

మీరు టోటో అనే అమెరికన్ రాక్ బ్యాండ్ పేరుతో వెతుకుతున్నారు. అందుకే మైకేల్ జాక్సన్ ఆల్బమ్ ‘థ్రిల్లర్’ (1982) వివరాల్లో టోటో కనబడటం లేదు. సెషన్ పనికి, అంటే వేరేవాళ్ల రికార్డింగ్‌లో వాయించినందుకు, క్రెడిట్ మనిషి పేరు మీదే పడుతుంది.

1. ఈ టోటో సభ్యుల పేర్లతో వెతకండి: డేవిడ్ పేచ్, స్టీవ్ లూకథర్, జెఫ్ పొర్కారో, స్టీవ్ పొర్కారో.

2. ఆల్బమ్ మొత్తానికి ఇచ్చిన జాబితా దగ్గర ఆగకండి, పాటవారీగా చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. ‘బీట్ ఇట్’లో డ్రమ్స్ జెఫ్‌వి, బేస్ గిటార్ లూకథర్‌ది, గిటార్ సోలో మాత్రం వేరే బ్యాండ్ గిటారిస్ట్ ఎడీ వాన్ హేలెన్‌ది. అందరూ సోలోనే తలుచుకుంటారు గానీ, ఆ పాటను మోసేది జెఫ్ డ్రమ్సే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

3. స్వరకర్తల పేర్లూ చూడండి. ‘హ్యూమన్ నేచర్’ బాణీ స్టీవ్ పొర్కారోది.

బ్యాండ్ 1977లో మొదలైంది. అంతకుముందు పేచ్, జెఫ్ కలిసి చేసిన పని కావాలంటే గాయకుడు బాజ్ స్కాగ్స్ ఆల్బమ్ ‘సిల్క్ డిగ్రీస్’ (1976) చూడండి.