పాత హాస్పిటల్ నోటీసుకి ఎట్లా జవాబు చెప్పాల

పాపా,

నువ్వు గైనిక్ డాక్టరుగా చేసి మానేసిన హాస్పిటల్ వాళ్ళు పంపిన లీగల్ నోటీసు, నువ్వు వాట్సాప్‌లో పెట్టింది, రెండుసార్లు చదివినా. మీ నాయన పొద్దున్నుంచి ఫోన్ల మీద ఫోన్లు, పాప డిగ్రీ క్యాన్సిల్ చేయిస్తారంట, జైలుకి పంపిస్తారంట అని, ముందు ఆయన్ని కూచోబెట్టి కాఫీ ఇయ్యి. డిగ్రీ క్యాన్సిల్ చేసేది ఏ హాస్పిటల్ చేతిలోనూ లేదు. నేను నర్సింగ్ హోం నడిపినోణ్ణి, డాక్టర్లను పెట్టుకున్నోణ్ణి, డాక్టర్ల సంఘం ఐఎంఏ తరఫున ఇట్లాంటి పంచాయితీలకి కూచున్నోణ్ణి, కాబట్టి వాళ్ళు ఎందుకిట్లా రాస్తారో నాకు తెలుసు. అన్నీ కలిపి ఒకే నోటీసులో కొడతారు, చదివినోడు బెదిరిపోయి ఎంత అడిగితే అంత కట్టేస్తాడని. నువ్వు చెయ్యాల్సింది ఏందంటే వాటిని విడదీయడం, ఏది ఉత్త బెదిరింపు, ఏది నిజంగా నీ మెడకి చుట్టుకునేది అని.

రెండేళ్ళ దాకా ఉమ్మడి కర్నూలు జిల్లాలో ప్రాక్టీస్ చెయ్యకూడదు అన్న క్లాజు చూసి నువ్వు ఎక్కువ భయపడినట్టున్నావు. అంటే నంద్యాల వద్దు, ఆదోని వద్దు, ఎమ్మిగనూరు వద్దు, గద్వాలకి పోయి కాన్పులు చేసుకోమంటారా ఏంది? 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం మనిషిని తన వృత్తి చేసుకోనీకుండా ఆపే ఒప్పందం చెల్లదు. ఉద్యోగం అయిపోయినాక కూడా ఆపే క్లాజులకి ఇది వర్తిస్తుందని 1980లో సూపరింటెండెన్స్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఉద్యోగంలో ఉండగా బయట చెయ్యొద్దు అనేది వేరు, అది చెల్లుతుంది, 1967లో గోలికరి కేసులో ఆ మాట వచ్చేసింది. అందుకే అడుగుతున్నా, నిజం చెప్పు, అక్కడ రోల్స్‌లో ఉండగానే సాయంత్రం పూట గాయత్రీ ఎస్టేట్‌లో ఓపీ ఏమన్నా చూసినావా? చూసుంటే లాయరుకి ముందే చెప్పాల, వాళ్ళు కోర్టులో బయటపెట్టే దాకా ఆగొద్దు.

ఇంగ నోటీస్ పీరియడ్ సంగతి. ఇక్కడ నేను నీ పక్క మాట్లాడను. మూడు నెలలకి సంతకం పెట్టి ఒక నెలకే వచ్చేసినావు. ఉన్నట్టుండి గైనిక్ డాక్టరు పోతే లేబర్ రూం ఎట్లా నడుస్తుందో పెట్టుకున్నోడికే తెలుస్తాది, వాళ్ళ కోపం అంతా డబ్బుల కోపమే కాదు. కాబట్టి రెండు నెలల మాట తప్పించుకోవాలని చూడకు. అయితే అంకె వాళ్ళు రాసుకున్నంతా రాదు, అదే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 ప్రకారం అగ్రిమెంట్‌లో రాసిన మొత్తం పైపరిమితి మాత్రమే, దాని లోపల న్యాయమైన పరిహారం ఎంతో కోర్టు చూస్తాది. నీ బదులు ఎవరినన్నా పెట్టుకున్నారా, ఎప్పుడు పెట్టుకున్నారు, నిజంగా నష్టం ఎంత, అడగాల.

మూడేళ్ళు ఉండకపోతే 10 లక్షలు అన్న బాండ్‌కీ ఇదే లెక్క. ట్రైనింగ్ ఖర్చు అంటున్నారు కదా, ఏం ట్రైనింగ్, బిల్లులు యాడ ఉండాయి? హైదరాబాద్‌లో రెండు రోజుల వర్క్‌షాప్‌కి పంపితే 10 లక్షలు కాదు. బాండ్‌లన్నీ చెల్లవని మాత్రం ఎవరన్నా చెప్తే నమ్మొద్దు, 2025లో విజయా బ్యాంక్ కేసులో 2 లక్షల బాండ్‌ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. అది ప్రభుత్వ బ్యాంకు, మళ్ళీ నోటిఫికేషన్ ఇచ్చి భర్తీ చేసుకోవాల్సిన ఖర్చు ఉండాది, నీ కత అది కాదు, అయినా జాగ్రత్త.

వాళ్ళు నీకియ్యాల్సింది మర్చిపోతున్నావు నువ్వు. రెండు నెలల ఎంజీ (నెలకి ఇంత అని ఖాయంగా ఇచ్చే మినిమం గ్యారంటీ), దాని పైన వచ్చే షేర్ ఆగిపోయినాయి కదా. ఈ రోజే ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో లాగిన్ అయ్యి ఫారం 26ఏఎస్ తియ్యి, నీ పేరు మీద టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, ఎంత కోసినారో చూపే కాగితం అది. కన్సల్టెంట్‌వి కాబట్టి ప్రొఫెషనల్ ఫీజు మీద 10 శాతం టీడీఎస్ కోస్తారు, ఆ కోత డబ్బు చేతికిచ్చినప్పుడే కాదు, పుస్తకంలో నీ పేరుకి జమ రాసినప్పుడు కూడా చెయ్యాల, రెండిట్లో ఏది ముందైతే అప్పుడు. అంటే ఇయ్యని ఆ రెండు నెలలకి టీడీఎస్ గనక కనిపిస్తే, నీకు బాకీ ఉన్నామని వాళ్ళే ప్రభుత్వానికి రాసిచ్చినట్టు! ఇంతకన్నా మంచి కాగితం నీకు దొరకదు. డబ్బు వసూలుకి దావా వెయ్యనీకి మూడేళ్ళ గడువు ఉండాది, కానీ అంత దాకా సాగదీయొద్దు.

నన్ను నిజంగా కలవరపెట్టింది ఆ రెండు ఖాళీ చెక్కులు. జాయినింగ్ రోజు సెక్యూరిటీ అని సంతకం పెట్టిచ్చినానని చివర్లో చిన్నగా రాసినావు, అదే ముందు రాయాల్సింది. దాంట్లో అంకె వేసి బ్యాంకులో వేస్తే, బౌన్స్ అయితే, అది చెక్ బౌన్స్ కేసు, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కిందికి పోతాది, బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లోపల నోటీసు ఇస్తారు, నోటీసు అందినాక కట్టనీకి నీకు 15 రోజులే. చెక్కు ఆపమని బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెడితే సరిపోతాదని అనుకునేవు, దానికీ 138 కేసు పడుతుంది, పైగా అప్పు లేదని నిరూపించుకునే బరువు నీ మీదే. కాబట్టి చెక్కు నంబర్లతో సహా, ఇవి తారీఖు లేకుండా సెక్యూరిటీకి ఇచ్చినవి, వీటి మీద నేను బాకీ లేను, తిరిగి ఇయ్యండి అని ఇప్పుడే లెటర్ రాసి స్పీడ్ పోస్ట్‌లో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపు, ఈమెయిల్ కూడా చెయ్యి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా అదే లెటర్‌లో అడుగు, డిగ్రీ కాగితాలు తాకట్టు వస్తువులు కావు.

ఆర్బిట్రేషన్ క్లాజు ఉండాది, అంటే గొడవ కోర్టులో కాకుండా మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలని, హైదరాబాద్‌లో, ఎండీ గారు పెట్టిన మనిషి ముందు అంట. గొడవలో ఉన్నోడే ఒంటిచేత్తో జడ్జిని ఎంచుకునేది కుదరదని 2019లో పర్కిన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. వాళ్ళు పేరు పంపితే నాకు ఒప్పుదల లేదని రాతపూర్వకంగా చెప్పు, ఒప్పుకున్నట్టు ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. హెచ్‌ఆర్ వాళ్ళతో ఫోన్లో మాట్లాడేది మానెయ్, ఏదన్నా ఉంటే మెయిల్ పెట్టమను. ఆ వాట్సాప్ చాట్‌లున్న ఫోన్ మార్చొద్దు, ఫార్మాట్ అసలే చెయ్యొద్దు.

పేషెంట్ల విషయంలో చెడ్డపేరు తెచ్చుకోవద్దు. కేస్ షీట్లు, నంబర్ల లిస్టు ఏదీ తీసుకురావద్దు, తెచ్చుంటే వాడొద్దు. పేషెంటే అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇయ్యాలని 2002 ఎథిక్స్ రెగ్యులేషన్స్‌లో ఉండాది, వాళ్ళే అడిగి తెచ్చుకుంటారు. అడ్రస్ మారిందని పేపర్లో మామూలు ప్రకటన ఇచ్చుకోవచ్చు, దానికి రూల్స్ ఒప్పుకుంటాయి. ఆర్‌ఎంపీలకి ఫోన్లు కొట్టి ఆ హాస్పిటల్ మంచిది కాదు అని మాత్రం చెప్పొద్దు తల్లీ, కర్నూలు చిన్న ఊరు.

ఇంకోటి, స్కానింగ్ మిషన్. వాళ్ళ పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ చట్టం) రిజిస్ట్రేషన్‌లో నీ పేరు ఇంకా ఉందేమో జిల్లా వైద్యాధికారి, డీఎంహెచ్‌ఓ ఆఫీసులో కనుక్కో. ఒక జిల్లాలో ఒక డాక్టరు పేరు రెండు సెంటర్ల కన్నా ఎక్కువ చోట ఉండకూడదు, గర్భిణి స్కానింగ్‌కి నింపే ఫారం ఎఫ్‌లు నీ పేరు మీద నింపుతా ఉంటే రేపు సమాధానం చెప్పాల్సింది నువ్వు. మానేసిన తారీఖు రాసి పేరు తీసెయ్యమని అర్జీ ఇచ్చి రసీదు తీసుకో. ఆరోగ్యశ్రీలో, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో కూడా నీ రిజిస్ట్రేషన్ నంబర్ తీయించు. ఇండెమ్నిటీ పాలసీ, అంటే పేషెంట్లు కేసు వేస్తే కాపాడే ఇన్సూరెన్స్, హాస్పిటల్‌దే అని ఊరుకోవద్దు, పాత కేసుల మీద రెండేళ్ళ దాకా కన్స్యూమర్ కేసు వెయ్యొచ్చు, నీ సొంత పాలసీ పాత తారీఖు నుంచి వర్తించేట్టు చూసుకో.

నా లెక్క ప్రకారం ఇది కోర్టు దాకా పోదు. రెండు నెలల నోటీసుకి వాళ్ళు అడిగేది, రెండు నెలల ఎంజీ నీకు రావాల్సింది, ఒకదానికొకటి కొట్టేసుకుని, షేర్ డబ్బు మాత్రం ఇచ్చి, చెక్కులూ సర్టిఫికెట్లూ వాపస్ చేసి, ఇంకేం బాకీ లేదని ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటే అయిపాయ. రిలీవింగ్ లెటర్‌లో అబ్‌స్కాండెడ్ (చెప్పకుండా పారిపోయింది) అన్న మాట ఉంటే మాత్రం ఒప్పుకోవద్దు, వీసా అయినా వేరే హాస్పిటల్ అయినా అది వెంటపడతాది. కుదిరితే లోక్ అదాలత్‌లో రాయించుకుందాం, దానికి అప్పీలు ఉండదు, ఫీజు ఉండదు.

లాయరు సంగతి, మీ చిన్నమామ కొడుకు మంచోడే కానీ క్రిమినల్ చూస్తాడు. సివిల్ చూసేవాళ్ళు కావాల, నేను ఒకరితో మాట్లాడినా. ఆదివారం అగ్రిమెంట్ మొత్తం, అన్ని పేజీలు, వెనకవైపు రాసినవి కూడా జెరాక్స్ తీసుకుని రా, నోటీసులో జవాబుకి ఇచ్చిన గడువు ఏ తారీఖుతో అయిపోతాదో కవర్ మీద రాసిపెట్టు.

మీ పెద్దనాయన