బ్యాటరీ మార్చే ముందు ఇగ్నిషన్ స్విచ్ చూపించండి

కారు నడుస్తుండగా డాష్‌బోర్డ్ లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయి ఇంజిన్ ఆగిపోతోంది, కీ కాస్త కదిపితే మళ్లీ వస్తోంది, మెకానిక్ మాత్రం బ్యాటరీ మార్చమంటున్నాడు అన్నారు కదా. మార్చకండి, కొంచెం ఆగండి. నేనూ అలాగే కొత్త బ్యాటరీ వేయించాను. నాలుగు రోజులకే హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్తుంటే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద బండి ఆగిపోయింది. పక్కకు తీసుకోవడానికి చోటు లేదు, వెనకాల కార్లు దూసుకొస్తున్నాయి. పక్క సీట్లో అమ్మ ఉంది. ఆ టెన్షన్ ఇంకెవరికీ రాకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంజిన్ నడుస్తున్నంతసేపు కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటర్. బ్యాటరీ వీక్ అయితే ఉదయం సెల్ఫ్ కొట్టేటప్పుడు లైట్లు మసకబారి టక్ టక్ మంటుంది. నడిచే బండి కీ కదపగానే చచ్చి బతకడం బ్యాటరీ లక్షణం కాదు. బ్యాటరీ టెర్మినల్ లూజైనా ఇలా జరగొచ్చు కాబట్టి ముందు అది బిగించి చూడండి. ఈసారి డాష్‌బోర్డ్ ఆరిపోయినప్పుడు హజార్డ్ లైట్లు (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగేవి) నొక్కండి. వాటికి కరెంటు కీతో సంబంధం లేకుండా వస్తుంది. అవి వెలిగితే బ్యాటరీ బాగున్నట్టే, అనుమానం కీ వెనక ఉండే ఇగ్నిషన్ స్విచ్ మీదికి వెళ్తుంది.

నా బండి 2009 మోడల్. కార్ ఎలక్ట్రీషియన్ ఒకాయన స్టీరింగ్ కింది కవర్ తీసి, స్విచ్ కప్లర్ (వైర్లు వచ్చి కలిసే ప్లగ్గు) దగ్గర, కరెంటు వస్తే వెలిగే టెస్ట్ ల్యాంప్ పెట్టాడు. బ్యాటరీ నుంచి వచ్చే వైరులో లైటు నిలకడగా వెలిగింది. కీ ఆన్‌లో పెట్టి ఇంజిన్‌కు వెళ్లే వైరు మీద చూస్తూ కీ కదిపితే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. రెండు నిమిషాల్లో విషయం తేలిపోయింది. మీ మెకానిక్‌ను కూడా ముందు ఈ పరీక్షే చేయమనండి.

పాత కార్లలో చాలావాటికి కీ తిరిగే లాక్ వేరు, దాని వెనక ఉండే స్విచ్ వేరు. స్విచ్ ఒక్కటే మారిస్తే పాత కీయే పనిచేస్తుంది, కీలోని చిప్‌ను మళ్లీ ప్రోగ్రామ్ చేయించే పని ఉండదు. అందుకని "మొత్తం కీ సెట్ మార్చాలి" అంటే వెంటనే ఒప్పుకోకండి. పాత స్విచ్ విప్పి చేతిలో పట్టుకుని రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ షాపులకు వెళ్లండి. కప్లర్ పిన్నులు సరిచూసుకుని ఒరిజినలే తీసుకోండి. ఇక్కడ డబ్బు మిగిల్చుకోవాలని చూడొద్దు.

మార్చేటప్పుడు ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి, ఎయిర్‌బ్యాగ్ ఉంటే మరీ ముఖ్యం. నా బండికి రెండు చిన్న స్క్రూలు, ఒక కప్లర్, అంతే. కవర్ బిగించే ముందు కీని అన్ని స్థానాల్లోనూ తిప్పి చూశాం. సెల్ఫ్ కొట్టి వదలగానే కీ తనంతట తాను ఆన్‌లోకి వెనక్కి రావాలి. స్విచ్ తీసేసి వైర్లు డైరెక్ట్‌గా కలిపేస్తానంటే మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు.

నా కీ రింగుకు ఇంటి తాళాలు, బీరువా తాళం, ఆఫీసు తాళాలు కలిపి పెద్ద గుత్తి వేలాడేది. 2014లో జనరల్ మోటార్స్ అమెరికాలో లక్షల కార్లను వెనక్కి పిలిచింది ఇలాంటి స్విచ్ లోపం వల్లే. గుత్తి బరువుకో కుదుపుకో కీ ఆన్ నుంచి జారిపోయి, ఇంజిన్ ఆగి, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. 124 మరణాలకు ఆ కంపెనీ నిధి నుంచి పరిహారం ఇచ్చారు. ఇప్పుడు నా రింగుకు కారు కీ ఒక్కటే ఉంటుంది.

మీరు స్విచ్ మార్చేదాకా ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కకండి. దారిలో ఆగిపోతే కీని లాక్ వైపు తిప్పకండి, స్టీరింగ్ బిగుసుకుపోతుంది. అటు తిప్పకపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది కానీ తిరుగుతుంది. బ్రేకు పదే పదే కొట్టకుండా ఒకేసారి గట్టిగా నొక్కి పట్టండి, హజార్డ్ వేసి ఎడమకు రండి.