ముందు బొమ్మల పుస్తకం, తర్వాత గల్లగురిగి

నల్లగొండ

బిడ్డా,

పిల్లలకు దేని విలువా తెలియట్లేదు, ఏది చూసినా ఇప్పుడే కావాలంటున్నారు అని మొన్న ఫోన్లో బాధపడ్డావు. అంత టెన్షన్ వద్దు. పెద్దదానికి ఏడేళ్లు, చిన్నోడికి నాలుగే. ఈ వయసులో చెబితే ఎక్కదు, చూస్తే ఎక్కుతుంది. అంగన్‌వాడీ పిల్లలతో ఏళ్లు గడిపినదాన్ని కాబట్టి బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టమంటున్నా.

కొనేటప్పుడు చివర్లో 'నీతి' అచ్చేసినవి పక్కన పెట్టు. పేజీకి ఒకటి రెండు వాక్యాలు, మిగతాదంతా బొమ్మ ఉన్నవి చూడు. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయంలో, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్ల దగ్గర ఇలాంటివి ఉంటాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితం. నచ్చినవి ప్రింట్ తీయించి కుట్టు. ఫోన్ చేతికిస్తే చిన్నోడు ఏ బొమ్మ దగ్గరా నిలవడు.

ఇంట్లో చదివేటప్పుడు గబగబా పేజీలు తిప్పెయ్యకు. బొమ్మలో అన్నం పళ్లెం ఉందనుకో, "ఇదెక్కడి నుంచి వచ్చింది?" అని అడిగి ఊరుకో. వాడు "కొట్టు నుంచి" అంటాడు. "కొట్టుకు ఎవరు తెచ్చిండ్రు?" అను. అట్ల ఆటో, మిల్లు, కోతమిషన్, నాటేసిన అమ్మలు వరుసగా వస్తారు. ఒక్క రోజులో అన్నీ రాకపోతే రాకపోనీ. చుట్టాల ముందు నిలబెట్టి "థాంక్స్ చెప్పు" అని మాత్రం గదమాయించకు. అట్ల చెప్పించిన మాట నోట్లోనే ఉంటుంది. ఆ అన్నం వెనక ఎంతమంది ఉన్నారో వాడికి తెలియనీ, కృతజ్ఞత తనే వస్తుంది.

మీరే ఒక పుస్తకం చెయ్యండి. బత్తాయికి మన నల్లగొండ పెట్టింది పేరు కదా. అంటు నాటాక కాపుకు నాలుగైదేళ్లు ఆగాలి. డ్రాయింగ్ షీట్లు మడిచి మధ్యలో దారంతో కుట్టు. మొదటి పేజీలో అంటు, తర్వాత పాదు తీసి నీళ్లు పెట్టే తాత, తర్వాత ఎండలు. మళ్లీ అదే చెట్టు, కాయ లేదు. మరుసటి ఏడు కూడా లేదు. ఆ ఖాళీ కొమ్మల పేజీలు తప్పకుండా గీయించు. పెద్దది "ఇంకా కాయలేదా?" అని విసుక్కుంటే విసుక్కోనీ, ఓపిక నేర్పేవి ఆ పేజీలే. చివర్లో కాయ, కోసే కూలీలు, లారీ, బండి మీద జ్యూస్ తీసే అన్న. ఇక్కడికొస్తే తోట కూడా చూపిస్తా.

పొదుపు ఆ తర్వాతే. డబ్బులేసి దాచుకునే మట్టి గల్లగురిగి పెద్దదానికి సరే. చిన్నోడికి లోపల పెరిగేది కనపడాలి, అందుకని ఖాళీ పచ్చడి సీసా ఇవ్వు. కావాల్సిన వస్తువు బొమ్మ వాడే గీసి సీసాకు అతికించాలి, పక్కన గళ్లు. రూపాయి వేసినప్పుడల్లా ఒక గడికి రంగు. వాడి కోరిక వారం పది రోజుల్లో తీరేదిగా ఉండాలి, లేకపోతే ఆశ చస్తుంది. పెద్దది దీపావళి దాటాక మహబూబ్‌నగర్ వైపు జరిగే కురుమూర్తి స్వామి జాతర దాకా ఆగగలదు. జాతరలో స్వామి ఉద్దాలు, అంటే పాదుకలు, వడ్డెమాన్ ఊరి నుంచి వస్తాయి కదా, వాటిని కుట్టేది ఎవరో కూడా చూపించు.

రెండు విషయాల్లో గట్టిగా ఉండు. తక్కువ పడ్డాయని మధ్యలో నువ్వు కలపొద్దు. చిల్లర లేదని మీ ఆయన ఆ సీసాలో చెయ్యి పెట్టొద్దు. తప్పనిసరైతే పిల్లల్ని అడిగి తీసుకుని, చెప్పిన రోజున వాళ్ల చేతికే ఇవ్వాలి. తన డబ్బు తనకు తిరిగి రాదని ఒకసారి అనిపిస్తే మళ్లీ దాచుకోరు. కొనేరోజు లెక్కపెట్టి ఇచ్చేది కూడా వాళ్లే. కొట్టాయన ముందు ఆలస్యమైనా తొందరపెట్టకు.

పదేళ్లు నిండాక పోస్టాఫీసులో పెద్దదాని పేరునే ఖాతా తెరవొచ్చు, సంతకం తనే చేసుకుంటుంది. ఐదొందలు ఉంటే చాలు. అప్పటిదాకా గురిగి నడవనీ.

చిన్నోడు ఏ పుస్తకం మళ్లీ మళ్లీ తెచ్చిస్తున్నాడో రాయి. దాన్ని బట్టి తర్వాతవి పంపిస్తా.

మీ పెద్దమ్మ