బ్యాటరీ లేని చిప్పు పశువు జ్వరాన్ని చెబుతుందా?

ప్రశ్న: మాకు నాలుగు ఒంగోలు ఆవులు ఉన్నాయి. చర్మం కింద బియ్యపు గింజంత చిప్పు పెడితే బ్యాటరీ లేకుండానే ఒంటి వేడిని చెబుతుందని, ఇక రాత్రిళ్లు కొట్టంలో కాపలా అక్కరలేదని ఒక వ్యాపారి అంటున్నాడు. ఇది ఎలా సాధ్యం? చెవికి వేసిన పసుపు బిళ్ల ఆ పని చేయదా?
– ఒక పాడి రైతు, కొండపి మండలం, ప్రకాశం జిల్లా

జవాబు: పసుపు బిళ్ల మీద ఉన్నది 12 అంకెల సంఖ్య, దాని బార్‌కోడ్ మాత్రమే. అది పశువును గుర్తుపట్టడానికే గాని వేడిని కొలవడానికి కాదు.

చిప్పు సంగతికి వస్తే, టంగుటూరు టోల్‌గేటు దాటే కారు అద్దం మీది ఫాస్టాగ్‌లోనూ బ్యాటరీ ఉండదు. పైనున్న యాంటెన్నా పంపే రేడియో తరంగాల నుంచే అది శక్తిని తీసుకుని తన సంఖ్యను తిప్పి పంపుతుంది. అయితే ఆ తరంగాలను ఒంట్లోని నీరు పీల్చేస్తుంది కనుక, పశువుల చిప్పులకు మాంసం గుండా సులువుగా సాగే 134.2 కిలోహెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని వాడతారు. చేతిలోని రీడరును, అంటే చిప్పును చదివే పరికరాన్ని, దగ్గరకు తెచ్చినప్పుడు దానిలోని తీగచుట్ట చిప్పులోని తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ కొద్దిపాటి విద్యుత్తుతోనే చిప్పు మేల్కొని, వేడిని కొలిచి, జవాబు చెప్పి, రీడరు పక్కకు జరగగానే మళ్లీ మూగబోతుంది.

వ్యాపారి మీకు చెప్పనిది ఇదే. ఆ క్షేత్రం దూరంతో పాటు చాలా వేగంగా బలహీనపడుతుంది కాబట్టి, చేతి రీడరును సుమారు జానెడు దూరంలోనే పెట్టి చదవాలి. అర్ధరాత్రి ఆవుకు జ్వరం వస్తే, ఎవరూ వెళ్లి అడగనంతవరకు చిప్పు ఏమీ చెప్పదు. ఈనబోయే ఆవు ఉన్న ఇంట్లో ఆ మాట నమ్మి కాపలా మానుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. తనంతట తానే కబురు పంపే పరికరం కావాలంటే బ్యాటరీ ఉన్న మెడపట్టీ వంటిది చూసుకోవాలి.

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఆవుకు మలద్వారంలో థర్మామీటరు పెడితే సుమారు 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ చూపుతుంది. చర్మం కింది వేడి మాత్రం ఎండనూ నీడనూ బట్టి మారుతుంది. అందుచేత చిప్పు కొన్నా, రోజూ తెల్లవారుజామున ఒకే వేళకు చదివి, ఒక్కొక్క ఆవుకు మామూలుగా ఎంత ఉంటుందో రాసిపెట్టుకోండి. అంతకు మించి పెరిగిన రోజున థర్మామీటరుతో సరిచూసి పశువైద్యుణ్ణి పిలవండి.

ప్రశ్న: గుండె జబ్బు ఉన్నవారికీ ఇలాంటి సెన్సర్ ఉందట, నిజమేనా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: నిజమే. కార్డియోమెమ్స్ అనే సెన్సర్‌కు అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2014లో అనుమతినిచ్చింది. గుండె వైఫల్యం ఉన్న కొందరికి, ఊపిరితిత్తులకు రక్తాన్ని చేర్చే ధమనిలో దీన్ని అమరుస్తారు. ఇది కొలిచేది వేడిని కాదు, రక్తపు ఒత్తిడిని. ఒత్తిడి మారితే సెన్సర్ స్పందించే పౌనఃపున్యం మారుతుంది. దీనిలోనూ బ్యాటరీ లేదు కాబట్టి, రోగి యాంటెన్నా ఉన్న దిండు మీద పడుకున్నప్పుడే కొలత వైద్యుడికి చేరుతుంది.