ఇళ్ళు తగ్గించు, పూటలు పెంచు

చి. సౌ. అమ్మలుకి పెద్దమ్మ దీవించి రాసేది.

దసరా సెలవుల్లో తిరగాలని నువ్వు పంపిన ఊళ్ళ జాబితా చూశాను. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, శ్రీకాకుళం, విశాఖపట్నం, మధ్యలో అరకు, వీలైతే భీమిలి. వారం రోజుల్లో ఇన్ని ఊళ్ళు! చదువుతుంటేనే నాకు నడుం పట్టేసింది. పొద్దున్న ఒకరింట టిఫిను, మధ్యాహ్నం ఇంకొకరింట భోజనం, సాయంత్రం మూడో ఇంట కాఫీ. పెట్టినవాళ్ళకి తృప్తి ఉండదు, తిన్నవాళ్ళకి అరగదు. మొన్న మీ పెదనాన్నగారికి చూపిస్తే, "ఇది చుట్టపుచూపు కాదు, ఎన్నికల ప్రచారం" అన్నారు.

ఇళ్ళు తగ్గించు తల్లీ, పూటలు పెంచు. వెళ్ళిన చోట కనీసం ఒక రాత్రి పడుకో. పగలు హాల్లో కూర్చుంటే "బాగున్నాం, మీరు బాగున్నారా" దగ్గరే ఆగిపోతాయి మాటలు. మీ అత్తగారు మోకాలికి డాక్టరు ఏం చెప్పాడో, పొలం కౌలు ఎందుకు మార్చారో నీకు చెప్పేది రాత్రి గిన్నెలు సర్దేసి, పక్కలు వేసుకుని, లైటు తీసేశాకే. పిల్లలు మామ్మ పక్కలో దూరేదీ అప్పుడే.

మరి మిగతా చుట్టాల సంగతేమిటంటావు. దానికి మన విజయనగరంలో ఒక సదుపాయం ఉంది, నువ్వు హైదరాబాదు వెళ్ళాక మరిచిపోయినట్టున్నావు. పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగే నాడు మనం ఎవరింటికీ వెళ్ళక్కర్లేదు, అందరూ మన ఊరే వస్తారు. శ్రీకాకుళం వాళ్ళు, విశాఖ వాళ్ళు, పార్వతీపురం వాళ్ళు ఎలాగూ పైడితల్లమ్మని చూడ్డానికి బయల్దేరతారు. మనిల్లు గుడి ఉన్న మూడు లాంతర్ల కూడలికి నడిచిపోయే దూరం కాబట్టి మధ్యాహ్నానికి మన వీధి గుమ్మం ముందు చెప్పుల గుట్ట పడుతుంది. ఆ రోజు పులిహోర, దద్దోజనం ఎక్కువగా కలిపి ఉంచుతాను. వాళ్ళందరికీ నువ్వు ముందుగా ఒక్కొక్క ఫోను చెయ్యి. "మేం ఈసారి ఇల్లిల్లూ తిరగలేం, మంగళవారం పెద్దమ్మ ఇంటికి వస్తారు కదా, అక్కడ కలుద్దాం" అని. పిలిచారన్న మాట వాళ్ళకి దక్కుతుంది. చెప్పకుండా ఊరుకుని, వాళ్ళ ఊరి మీదుగా కారులో వెళ్ళిపోతే మాత్రం ఆ మాట పదేళ్ళు అంటారు. మన వాళ్ళ సంగతి నీకు తెలియనిదా.

ఇక తేదీలు. ఇక్కడే జాగ్రత్తగా లెక్క చూసుకోవాలి. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమాను, ముందు రోజు సోమవారం తొలేళ్ళ ఉత్సవం. 2024లో దశమి శనివారం వచ్చింది, మూడు రోజులకే అక్టోబరు 15న సిరిమాను. 2025లో దశమి అక్టోబరు 2 గురువారం, సిరిమాను 7న. మధ్యలో బళ్ళు తెరిచేశారు కూడా. అంచేత సెలవులు ఇచ్చిన రోజునే పెట్టె సర్దుకుని పరిగెత్తి రావద్దు. మొదటి నాలుగు రోజులూ పిల్లల్ని ఇంట్లోనే నిద్రపోనీ, హోంవర్కు అక్కడే కానిచ్చెయ్యి. సెలవుల చివర్లో బయల్దేరు. అవసరమైతే బడికి రెండు రోజులు సెలవు చీటీ రాయి. మూడో తరగతి పిల్లకి రెండు రోజుల పాఠం పోతే ఏమీ మునిగిపోదు.

ఏ రోజు ఎక్కడ అన్నదానికి నా లెక్క ఇది. దశమి అత్తవారింట బొబ్బిలిలో, తొలేళ్ళూ సిరిమానూ ఇక్కడ. రెండు ఇళ్ళకీ పండగ దక్కుతుంది. ఈ రెండు ఊళ్ళ మధ్య 1757లో జరిగిన యుద్ధం చాలు, మీ సెలవుల పంపకం మీద ఇంకొకటి వద్దు. (పైడితల్లమ్మ కథ కూడా ఆ యుద్ధం దగ్గరే మొదలవుతుంది. విజయనగరం రాజుగారి చెల్లెలు, అన్న పోయాడని తెలిసి పెద్దచెరువులో కలిసిపోయిందని చెప్పుకుంటాం. పిల్లలకి ఈ కథ బొబ్బిలిలో వాళ్ళ తాతగారి నోట ఒకసారి, ఇక్కడ మా నోట ఒకసారి వినిపించు. రెండూ ఒకలా ఉండవు, అదే తమాషా.)

ముందు బొబ్బిలి వెళ్ళమనడానికి ఇంకో కారణం ఉంది. సాలూరులో మీ చిన్నత్తగారింట్లో ఈ ఏడు పండగ లేదు. మావయ్యగారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ ఇంటివాళ్ళు మాత్రం మన దగ్గరికి రావాలనుకోకు, నువ్వే వెళ్ళాలి. పండగకి ముందే వెళ్ళు. బొబ్బిలి నుంచి దగ్గరే కదా. కొత్త చీర కట్టుకుని, స్వీటు పెట్టె పట్టుకుని వెళ్ళకు. పళ్ళు తీసుకెళ్ళు. పరామర్శకీ పండగ చూపుకీ ఒకే పూట వెళ్ళడం, అక్కడ కళ్ళు తుడుచుకుని ఇక్కడికొచ్చి బూరెలు తినడం నాకు నచ్చదు. ఆ పూట ఇంకే పనీ పెట్టుకోకు. ఆవిడ ఆయన చివరి రోజుల గురించి మళ్ళీ మొదటి నుంచి చెబుతుంది. విను. పిల్లల్ని ఆ రోజు మామ్మ దగ్గర వదిలెయ్యి.

టిక్కెట్ల విషయం. రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. వచ్చే టిక్కెట్టు కన్నా తిరిగి వెళ్ళే టిక్కెట్టు ముందు తియ్యి. వచ్చేటప్పుడు ఏదో ఒకటి దొరుకుతుంది, విశాఖపట్నం దాకా వచ్చేస్తే అక్కణ్ణించి బస్సులున్నాయి. వెళ్ళేటప్పుడే ఊరంతా ఒకేసారి రైలెక్కుతుంది. తత్కాల్‌ని నమ్ముకోకు. ఏసీకి పదింటికీ, స్లీపరుకి పదకొండింటికీ తెరుచుకుంటుంది, నువ్వు ఓటీపీ కొట్టేలోపు అయిపోతుంది. సిరిమాను రాత్రికి టిక్కెట్టు వద్దు, ఆ జనంలోంచి సామానుతో స్టేషనుకి చేరలేవు. బుధవారం రాత్రికి తియ్యి. బొబ్బిలికి బస్సులో వెళ్దాం, నేనూ వస్తాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో ఆడవాళ్ళకి ఆధార్ చూపిస్తే బస్సు ఉచితం. నీ కార్డు మీద హైదరాబాదు అడ్రసుంది కాబట్టి నువ్వు డబ్బులు కట్టాల్సిందే!

అరకు మానెయ్యమనను, పిల్లలు ఎదురుచూస్తున్నారు. కానీ దశమి శని ఆదివారాల్లో కలిసొస్తే ఆ రెండు రోజులూ కొండెక్కకు. విశాఖపట్నం కార్లన్నీ అక్కడే ఉంటాయి. నవమి, దశమి రోజుల్లో డ్రైవర్లు ఆయుధ పూజలని రారు కూడా. పండక్కీ తొలేళ్ళకీ మధ్య వచ్చే మామూలు రోజు చూసుకో.

ఎలా వెళ్ళాలో చెబుతాను. ఇక్కణ్ణించి కారులో తెల్లారేసరికి శృంగవరపుకోట చేరండి. విశాఖపట్నం నుంచి పొద్దున్నే వచ్చే కిరండూల్ రైలు అక్కడ ఎక్కండి. ముందే రిజర్వేషను చేయించు, పండగ రోజుల్లో అక్కడ సీటు దొరకదు. ఎస్.కోట దాటాకే కొండ మొదలవుతుంది, సొరంగాలు వస్తాయి. సొరంగంలోకి దూరగానే డబ్బా మొత్తం పిల్లలు అరుస్తారు, మీవాళ్ళనీ అరవనీ, ఆ రైల్లో అది మామూలే. డ్రైవరు ఖాళీ కారు రోడ్డు మీద తీసుకొచ్చి బొర్రా దగ్గర నిలబడతాడు. ఇలా చేస్తే ఎక్కేటప్పుడు ఘాటు రోడ్డు తప్పుతుంది, చిన్నదానికి వాంతులూ తప్పుతాయి. దిగేటప్పుడు దాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, కడుపు నిండా తిననివ్వకుండా చూసుకో.

బొర్రా గుహలు 1807లో ఒక ఇంగ్లీషు దొర కంటబడ్డాయని పుస్తకాల్లో రాస్తారు, అక్కడి గిరిజనులకి అంతకు ముందు నుంచీ తెలిసినవే అనుకో. లోపల మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న నేనూ మీ అత్తగారూ బయట కూర్చుంటాం, మాకోసం ఆగకండి. తినే సంచీ మాకివ్వకు, కోతులు మా చేతుల్లోంచే లాక్కుంటాయి. కారులో పెట్టి తలుపెయ్యి.

బొర్రా అయ్యాక చాలామంది అరకులో మ్యూజియం, పద్మాపురం తోట, చాపరాయి వాగు అన్నీ ఒక్క రోజులో చూసేద్దామని పరిగెడతారు. నా మాట విని వాటిలో సగం వదిలెయ్యి. దానికి బదులు అనంతగిరి వైపు కాఫీ తోటలో ఒక గంట కూర్చోండి. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా నిలబడి ఉంటాయి, వాటి మొదలంటా మిరియాల తీగ పాకి ఉంటుంది, కింద నీడలో కాఫీ మొక్కలు. దసరాకి కాఫీ కాయలు ఇంకా పచ్చగానే ఉంటాయి, కోత తర్వాతెప్పుడో. మిరియాలు తీగ మీద ఎలా ఉంటాయో పచ్చి గుత్తి పట్టుకుని చూపించు, పిల్లలు సీసాలోనే చూశారు కదా. దసరా తొందరగా వచ్చిన ఏడు వలిసె పూల పసుపు చేలు ఆశించకు, అవి విరగబూసేసరికి కార్తీకం దగ్గర పడుతుంది. సీతాఫలాలు మాత్రం దారంతా దొరుకుతాయి. చాపరాయి వెళ్ళి తీరాలంటే బండల మీద నాచు ఉంటుందని అల్లుడుగారికి చెప్పు. చీకటి పడకముందే ఘాటు దిగెయ్యండి.

ఒక్క షరతు. అరకు ప్రయాణం ముందు రోజు రాత్రి వాతావరణం వార్తలు చూడకుండా బయల్దేరకు. మన వైపు దసరా అంటే తుపాన్ల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీదికే వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినబడితే కొండల్లోకి వద్దు, భీమిలి అసలే వద్దు. రైలు పట్టాల మీద కొండరాళ్ళు జారిపడతాయి. గది అడ్వాన్సు పోతే పోయింది. అలాంటి రోజుకి ఊళ్ళోనే చూసేవి ఉన్నాయి. గురజాడ వారి ఇల్లుంది, కోట ఉంది, 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. వాన తెరిపిస్తే ఓ పూట రామతీర్థం.

బొబ్బిలిలో ఉన్నప్పుడు పిల్లల్ని గొల్లపల్లి తీసుకెళ్ళు. భీమిలి బీచి కన్నా నాకు ఇదే నయమనిపిస్తుంది. ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు అక్కడ. కుండ లోపలి భాగం ఉలితో తొలుస్తున్నప్పుడు పచ్చటి పనస పొట్టు వాళ్ళ ఒళ్ళో రాలుతూ ఉంటుంది, వాసన వేస్తుంది. చిన్న బొమ్మ వీణలు అమ్ముతారు, ఒకటి కొనిపెట్టు. బేరం ఆడకు.

వచ్చేటప్పుడు ఏం తేవాలని అడిగావు. తీపి పెట్టెలు వద్దు. మా ఇళ్ళల్లో సగం మందికి షుగరు, పండగ వెళ్ళాక అవన్నీ పనిమనిషికే పోతాయి. ఏ ఇంటికి ఏది కావాలో ఆ ఇంటికి ఫోను చేసి అడుగు, మొహమాటపడితే కోడలిని అడుగు. నాకైతే అల్లుడుగారి ఒక గంట కావాలి. మీ పెదనాన్నగారి ఫోను ఫొటోలతో నిండిపోయి వాట్సాప్ ఆడడం లేదు, అది చూసిపెట్టమను.

సిరిమాను నాటి సంగతి చెప్పి ముగిస్తాను. పొద్దున్నుంచే బళ్ళు ఊళ్ళోకి రానివ్వరు, కారు ముందు రోజే బయట ఎక్కడైనా పెట్టించు. సిరిమాను బయల్దేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది, గుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. అంచేత మొదటిసారే చూడాలని తోసుకోకు, రెండో తిరుగుడికి జనం కొంచెం సర్దుకుంటారు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల వస్తాయి, పిల్లలకి అవే ఎక్కువ నచ్చుతాయి. చింతమాను చివర పూజారి కూర్చుని పైకి లేచినప్పుడు జనం అరటిపళ్ళు విసురుతారు, చిన్నదాన్ని భుజాల మీద ఎత్తుకుంటే నెత్తిన ఒకటి పడుతుంది, చూసుకోండి. కింద వీధిలోకి దిగొద్దు, మేడ మీంచి చూడొచ్చు. దిగి తీరతామంటే పిల్లల జేబుల్లో నీ నంబరూ, మన వీధి పేరూ రాసిన చీటీ పెట్టు. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో ముందే చూపించు. సోమవారం రాత్రి పులివేషాలు వీధిలోకే వస్తాయి, వాటికి చిల్లర నోట్లు తెచ్చుకో.

ఇక ముందు మీ అత్తగారికి ఫోను చేసి, దశమికి మీ దగ్గరికే వస్తున్నామని చెప్పు. ఆవిడ సరేనన్నాక నాకు చెప్పు. ఈ తేదీలు నేను వేశానని మాత్రం ఆవిడ దగ్గర అనకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ