చిన్న పెరట్లో ఒక్క తీపి చెర్రీ చెట్టే పెట్టాలంటే

పెరట్లో ఒక్క చెట్టుకే చోటుంది, చుట్టుపక్కల మరో చెర్రీ లేదు, ఏ రకం తెచ్చుకోవాలి అని అడిగారు. రకం సంగతి తర్వాత చూద్దాం. ముందు నర్సరీలో ఆ మొక్కను ఏ వేరుమూలం మీద, అంటే వేళ్లనిచ్చే ఏ అడుగు మొక్క మీద, అంటుకట్టారో అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆ మొక్క ఎంత ముచ్చటగా ఉన్నా కొనవద్దు.

తీపి చెర్రీ పుట్టుకతో అడవిచెట్టు. తన వేళ్ల మీద తాను పెరిగితే 15 మీటర్లు దాటిపోతుంది. ఆ ఎత్తును అదుపులో పెట్టేది వేరుమూలమే. కోల్ట్ అనే వేరుమూలం మీద కట్టినది 5, 6 మీటర్లకు పోతుంది. చిన్న పెరటికి అదీ ఎక్కువే. జర్మనీలోని గీసెన్‌లో రూపొందించిన జిసెలా 5 అనే వేరుమూలం మీద కట్టినది 3 మీటర్ల దగ్గర ఆగుతుంది, కాపు కూడా త్వరగా మొదలుపెడుతుంది. మా పెరట్లో ఉన్నది అదే. స్టూలు వేసుకుంటే చిటారు కొమ్మ కూడా చేతికి అందుతుంది. దీని వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి చెట్టు ఉన్నంత కాలం గట్టి ఊతకర్ర ఉండాలి, ఎండల్లో నీళ్లు మానకూడదు. అలాగని నీరు నిలిచే నేలలో మాత్రం ఏ చెర్రీ బతకదు.

ఇక రకం. తీపి చెర్రీల్లో చాలా వాటికి తమ పుప్పొడితో కాయ పట్టదు, వేరే రకం తోడు కావాలి. ఆ తోడు కూడా ఏదో ఒకటి అయితే చాలదు. బింగ్, లాంబర్ట్, నెపోలియన్ మూడూ ఒకే గుంపువి కావడంతో ఒకదాని పుప్పొడి మరొకదానికి పనికిరాదు. కెనడాలోని సమ్మర్‌లాండ్ పరిశోధన కేంద్రం నుంచి 1968లో స్టెల్లా అనే రకం వచ్చాక ఒంటరి చెట్టుకూ దారి దొరికింది. అది తన పుప్పొడితోనే కాస్తుంది. లాపిన్స్, సన్‌బర్స్ట్, స్వీట్‌హార్ట్ కూడా అంతే. నన్నడిగితే లాపిన్స్ తెచ్చుకోమంటాను. స్టెల్లా రుచికి వంక పెట్టలేను గానీ, కాయ పండే వేళకు వాన పడితే తట్టుకోలేదు. తొడిమ దగ్గరి గుంటలో నీటిచుక్క నిలుస్తుంది, తెల్లారేసరికి ఆ గుంట చుట్టూ తొక్క వలయంలా చీలుతుంది. అలాంటి కాయ నిలవ ఉండదు, ఆ రోజే తినేయాలి. లాపిన్స్‌లో ఈ చీలిక కాస్త తక్కువ.

మీ చోట చలి ఎంతన్నది కూడా చూసుకోండి. చాలా రకాలకు శీతాకాలంలో 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువగా ఉండే గంటలు మొత్తం 700 నుంచి 1000 దాకా కావాలి. అది దొరక్కపోతే ఎంత ఎరువు వేసినా పూత సరిగా రాదు. చలి తక్కువైన చోట్ల కోసం మిన్నీ రాయల్, రాయల్ లీ ఉన్నాయి కానీ వాటిని జంటగానే పెట్టాలి.

పక్షుల విషయంలో ఆలస్యం పనికిరాదు. కాయ ఎరుపు తిరగడం మనకన్నా ముందు వాటికే తెలుస్తుంది. రంగు మారకముందే వల కప్పండి, అదీ బిగుతుగా. వదులుగా వేలాడే వలలో పక్షుల కాళ్లు చిక్కుకుని అవి ప్రాణాలు పోగొట్టుకుంటాయి. చెట్టు పొట్టిగా ఉండాలని నేను ఇంతగా పట్టుబట్టేది ఇందుకే. 6 మీటర్ల చెట్టుకు వల ఎవరు కప్పగలరు?

కొమ్మల కత్తిరింపు శీతాకాలంలో వద్దు. ఆ గాయాల గుండా ఆకులు వెండిరంగుకు తిరిగే సిల్వర్ లీఫ్ తెగులు, బెరడు కుళ్లే బాక్టీరియా క్యాంకర్ లోపలికి పోతాయి. కాపు అయిపోయాక, వేసవిలో, పొడిగా ఉన్న రోజు చూసి కత్తిరించండి.

నాటేటప్పుడు కాండం అడుగున అంటు కట్టిన చోట చిన్న బుడిపె కనిపిస్తుంది. అది మట్టికి పైనే ఉండాలి. పూడిపోతే పై రకం సొంతంగా వేళ్లు దించుకుని, జిసెలా పట్టు తప్పించుకుని, పెద్ద చెట్టయి కూర్చుంటుంది.